పెరట్లో కీర పాదు, పళ్ళెంలో ఉప్పు లేని ముక్క

షుగరు క్లినిక్కు రోజు. వరండాలో బల్లల మీద వరుసగా కూర్చున్న వాళ్ళలో ఒక అమ్మ వంతు వచ్చింది. వయసు యాభై దాటింది. షుగరుతో పాటు బీపీ కూడా ఉంది. పోయినసారి వచ్చినప్పుడు అన్నం ఒక గరిటె తగ్గించుకోమని, ఆ ఖాళీని పచ్చి కూరగాయ ముక్కలతో నింపుకోమని చెప్పి పంపాం. ఈసారి షుగరు కొంచెం దిగింది. బీపీ మాత్రం పైకెక్కింది. మాత్రలు మానేశారా అని అడిగితే లేదంది.

"మీరు చెప్పినట్టే రోజూ కీరకాయ తింటున్నాను సిస్టరమ్మా. ఒక్కరోజు కూడా తప్పలేదు" అంది.

"ఎలా తింటున్నారమ్మా?"

"ఎలా అంటే ఏం చెప్పను? బస్టాండులో అమ్మేవాళ్ళు నిలువునా చీల్చి ఉప్పూ కారం రాసిస్తారు కదా, అలాగే. ఇంట్లోనూ అలాగే చేసుకుంటాను. ఉప్పు లేకపోతే గొంతు దిగుతుందా?"

అప్పుడు అర్థమైంది. తప్పు ఆమెది కాదు. కీర తినమని చెప్పిన మేము, ఎలా తినాలో చెప్పలేదు. మంచి కూరగాయ కూడా తినే పద్ధతిని బట్టే మేలు చేస్తుంది. ఆ రోజు ఆమెతో మాట్లాడిన మాటలు, తరువాత ఆమె తన పెరట్లో పాదు పెట్టుకున్నప్పుడు అడిగిన ప్రశ్నలు, వాటికి చెప్పిన జవాబులు ఈ వ్యాసంలో పాఠకులందరి కోసం రాస్తున్నాం.

కీర వేరు, దోస వేరు

మన ఇళ్ళల్లో దోసకాయ అంటే పసుపు పచ్చని గుండ్రటి కాయ. పప్పులో వేస్తాం, పచ్చడి చేస్తాం, దోసావకాయ పెడతాం. అది నిజానికి ఖర్బూజా జాతికి చెందినది. పచ్చగా, పొడుగ్గా ఉండి, పచ్చిగా తినే కీర వేరే జాతి. రెండూ ఒకే కుటుంబంలోని తీగలే అయినా ఒకదానితో ఒకటి కలవవు. ఈ మాట గుర్తుంచుకోండి, చేదు గురించి చెప్పేటప్పుడు మళ్ళీ పనికొస్తుంది.

కీర పరదేశపు పంట అనుకునేవారు ఉన్నారు. కాదు. దీని పుట్టిల్లు మన దేశమే. హిమాలయాల దిగువ కొండల్లో దీని అడవి జాతి ఇప్పటికీ పెరుగుతుంది. ఆ కాయలు చిన్నవి, విపరీతమైన చేదు. వేల ఏళ్ళుగా రైతులు చేదు లేని కాయల విత్తనం ఏరి దాచుకుంటూ వచ్చినందువల్లే ఈనాటి కమ్మని కీర మన చేతికొచ్చింది.

కీరలో ఏముంది, ఏం లేదు

ఉన్నది ఉన్నట్టు చెప్పుకుందాం. వంద గ్రాముల కీరలో సుమారు 95 గ్రాములు నీరే. శక్తి 15 కిలోకాలరీలు. పొటాషియం సుమారు 150 మిల్లీగ్రాములు. పీచు అర గ్రాము. సి విటమిన్ మూడు మిల్లీగ్రాముల లోపే. అంటే ఇది పోషకాల గని కాదు. ఆకుకూరకు, మునగాకుకు, జామకాయకు ఇది సాటి రాదు.

మరి షుగరు ఉన్నవాళ్ళను ఎందుకు తినమంటాం? వంద గ్రాముల ఉడికిన అన్నంలో సుమారు 130 కిలోకాలరీలు ఉంటాయి. అంతే బరువున్న కీర ముక్కల్లో ఉన్నవి పదిహేనే. భోజనానికి కూర్చోగానే ముందు ఒక కప్పు కీర ముక్కలు నమిలి తింటే కడుపు కొంత నిండుతుంది, చెయ్యి రెండోసారి అన్నం గిన్నె వైపు వెళ్ళదు. ముందు కూరగాయలు, పప్పు తిని తరువాత అన్నం తింటే భోజనం తరువాత రక్తంలో చక్కెర ఒక్కసారిగా పెరగడం తగ్గుతుందని పరిశోధనల్లో కూడా తేలింది. అంతవరకే కీర చేసే మేలు. కీర షుగరుకు మందు కాదు. కీర తింటున్నాం కదా అని మాత్రలు, ఇన్సులిన్ మానేస్తే ప్రమాదం.

ఇక ఉప్పు సంగతి. పెద్దవాళ్ళకు రోజు మొత్తానికి అయిదు గ్రాముల లోపే ఉప్పు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే ఒక చిన్న చెంచా. అందులో సోడియం సుమారు 2000 మిల్లీగ్రాములు. కీరలో సహజంగా ఉన్న సోడియం వంద గ్రాములకు రెండు మిల్లీగ్రాములు మాత్రమే. అదే కీరకు పావు చెంచా ఉప్పు రాశామంటే 500 మిల్లీగ్రాములు ఎక్కినట్టే. కూరలో, పప్పులో, చారులో, పచ్చడిలో ఉన్న ఉప్పుకు ఇది అదనం. రోజూ రెండు పూటలా ఇలా తింటే బీపీ పెరగక ఏం చేస్తుంది? నల్ల ఉప్పు, చాట్ మసాలా కూడా ఉప్పే. పేరు మారినంత మాత్రాన గుణం మారదు.

ఇంట్లోనే ఎందుకు పండించుకోవాలి?

వంకాయ, బెండకాయ, గోరుచిక్కుడు పొయ్యి మీద ఉడికి మన పళ్ళెంలోకి వస్తాయి. కీరకు పొయ్యి లేదు. పాదు మీద ఏముందో, కోసిన చేతికి ఏముందో, కడిగిన నీటిలో ఏముందో అదంతా నేరుగా నోట్లోకి వస్తుంది.

పైగా కీర రెండు రోజులకొకసారి కోతకు వస్తుంది. పురుగుమందు చల్లాక కొన్ని రోజులు ఆగి కాయ కోయాలని మందు డబ్బా మీదే రాసి ఉంటుంది. కాయ ఆగదు, ముదిరిపోతుంది. అందుకని ఆ ఎడం పాటించడం అమ్మే రైతుకు కష్టం. కడిగితే పైనున్న మందు కొంత పోతుంది గాని కాయలోకి దిగిన మందు పోదు.

సూక్ష్మక్రిముల ప్రమాదం కూడా చిన్నది కాదు. 2015లో అమెరికాలో సాల్మొనెల్లా అనే క్రిమి అంటిన కీరకాయల వల్ల 900 మందికి పైగా జబ్బుపడ్డారు. కొందరు చనిపోయారు. అంత పెద్ద ఏర్పాట్లున్న దేశంలోనే అలా జరిగింది. ఈగలు ముసిరే బండి మీద ఎప్పుడో చీల్చి పెట్టి, బకెట్ నీళ్ళు చిలకరిస్తూ అమ్మే ముక్కల సంగతి వేరే చెప్పాలా?

అందుకే మా సలహా: పచ్చిగా తినేదాన్ని వీలైనంతవరకు మన కళ్ళముందే పండించుకుందాం. పెరడు లేనివారికి డాబా చాలు, డాబా లేనివారికి ఎండ పడే వసారా చాలు.

పాదు పెట్టే విధానం

కాలం: మన ప్రాంతంలో జూన్, జూలై నెలల్లో తొలకరితో ఒకసారి, జనవరి, ఫిబ్రవరిలో ఇంకోసారి విత్తుకోవచ్చు. చలి ఎక్కువగా ఉండే ఆదిలాబాదు వంటి చోట్ల డిసెంబరులో పెడితే మొలక ఆలస్యమవుతుంది, మొక్క సాగదు. ఏప్రిల్, మే నెలల ఎండకు పూత రాలిపోతుంది. అప్పటికి పాదు మీద కాయ ఉంటే మధ్యాహ్నం పూట పాత చీరో, నీడ వలో కప్పండి.

విత్తనం: జపనీస్ లాంగ్ గ్రీన్, స్ట్రెయిట్ ఎయిట్, పాయిన్‌సెట్, పూసా ఉదయ్ పేరున్న రకాలు. ఇవి హైబ్రిడ్లు కావు కాబట్టి బాగా పండిన కాయ నుంచి మళ్ళీ విత్తనం తీసుకోవచ్చు. హైబ్రిడ్ రకం వేస్తే మాత్రం దాని విత్తనం దాచి ప్రయోజనం లేదు. చుట్టుపక్కల తేనెటీగలు కనబడని అపార్టుమెంట్ల వాళ్ళకు పరపరాగం అవసరం లేకుండానే కాసే గింజ లేని రకాలు వచ్చాయి. పూసా పార్థినోకార్పిక్ కీర-6 అలాంటిదే. ఇలాంటి విత్తనం ఖరీదు ఎక్కువ.

తొట్టి, మట్టి: ఒక మొక్కకు పదిహేను, ఇరవై లీటర్లు పట్టే బకెట్టో, సిమెంటు సంచో, పాత డబ్బానో కావాలి. అడుగున నాలుగైదు రంధ్రాలు తప్పనిసరి. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు లేదా వానపాముల ఎరువు, ఒక పాలు కొబ్బరి పొట్టు లేదా ఇసుక కలపండి. గుప్పెడు వేపపిండి కలిపితే వేరుపురుగు బాధ తగ్గుతుంది. పురుగుమందులు, రసాయనాలు వచ్చిన డబ్బాలను ఎంత కడిగినా తొట్టిగా వాడకండి.

విత్తడం: విత్తనాలను నాలుగైదు గంటలు నీళ్ళలో నానబెట్టి, ఒక సెంటీమీటరు లోతున, తొట్టికి మూడు చొప్పున పెట్టండి. వెచ్చని రోజుల్లో నాలుగు నుంచి ఆరు రోజుల్లో మొలుస్తాయి. రెండు నిజమైన ఆకులు వచ్చాక బలమైన మొక్కను ఒక్కటే ఉంచి మిగతావి కత్తిరించండి. పీకితే పక్క మొక్క వేరు కదులుతుంది. నేలలో పెట్టేవాళ్ళు పాదుకూ పాదుకూ మధ్య రెండడుగులు వదలండి.

ఎండ, పందిరి: రోజుకు ఆరు గంటల ఎండ కావాలి. అయిదడుగుల కర్రలు పాతి, కొబ్బరి తాడుగాని, పాత నైలాన్ వలగాని కట్టి తీగను పైకి పాకించండి. నేల మీద పాకితే కాయ కుళ్ళుతుంది, వంకర తిరుగుతుంది, మట్టిలోని క్రిములు అంటుకుంటాయి.

నీళ్ళు: వేసవిలో రోజూ, మిగతా కాలాల్లో మట్టి పైపొర ఆరినప్పుడల్లా పోయండి. రెండు రోజులు ఎండగట్టి మూడోరోజు వరదలా పోయడం పనికిరాదు. మొదట్లో ఎండుటాకులు పరిస్తే తేమ నిలుస్తుంది. కూరగాయలు కడిగిన నీళ్ళు పోయవచ్చు. స్నానాలగది నీళ్ళు, బట్టలుతికిన నీళ్ళు పచ్చిగా తినే పంటకు వద్దు. తొట్టి కింద పళ్ళెం పెడితే దానిలో నీరు నిలవకుండా చూడండి. డెంగీ దోమ గుడ్లు పెట్టేది సరిగ్గా అలాంటి నీటిలోనే.

ఎరువు: పదిహేను రోజులకొకసారి రెండు గుప్పెళ్ళ వానపాముల ఎరువు చాలు. పచ్చి పేడ వేయకండి. పేడ నీళ్ళు, జీవామృతం వంటివి వాడేవాళ్ళు మొదట్లోనే పోయాలి, కాయల మీద చల్లకూడదు, కోతలు మొదలయ్యాక ఆపేయాలి. పేడలో ఉండే క్రిములు ఉడికే కూరలో చస్తాయి, కీర మీద చావవు.

"పూత బోలెడు, పిందె ఒక్కటీ లేదు"

పాదు పెట్టిన నెల రోజులకు ఆ అమ్మ మళ్ళీ వచ్చింది. మందులు తీసుకుని వెళ్ళే ముందు మెల్లగా అంది: "పసుపు పూలు బోలెడు పూశాయి. అన్నీ రాలిపోతున్నాయి. ఎవరి కన్ను పడిందో ఏమో."

ఎవరి కన్నూ కాదు. కీర తీగకు ముందుగా మగపూలు పూస్తాయి. వారం పది రోజులు అవి పూసి రాలిపోవడం సహజం. తరువాత ఆడపూలు వస్తాయి. గుర్తుపట్టడం సులువు. మగపువ్వు సన్నని కాడ మీద, గుత్తిగా ఉంటుంది. ఆడపువ్వు వెనక వేలి గోరంత బుల్లి కీరకాయ అప్పుడే కనబడుతుంది.

మగపువ్వు పుప్పొడి ఆడపువ్వు మీద పడితేనే ఆ బుల్లి కాయ పెరుగుతుంది. ఆ పని తేనెటీగలు చేస్తాయి. ఈగలు రాని చోట మనమే చేయాలి. ఉదయం పూలు విచ్చుకున్నాక ఒక మగపువ్వు కోసి, దాని రేకులు తుంచి, నడిమి భాగాన్ని ఆడపువ్వు మధ్య మెల్లగా తాకించండి. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపూలకు సరిపోతుంది. ఆడపువ్వు ఒక్కరోజే విచ్చుకుని ఉంటుంది కాబట్టి రేపు చూద్దాం అనుకోవద్దు. ఒక చివర లావుగా, ఇంకో చివర సన్నగా ఉండే వంకర కాయలకు పుప్పొడి చాలకపోవడమే చాలాసార్లు కారణం.

విత్తిన 45, 50 రోజులకు మొదటి కాయ కోతకొస్తుంది. జానెడు పొడవుండగా, ఇంకా పచ్చగా ఉండగానే కత్తెరతో కోయండి. రెండు రోజులకొకసారి పాదు తిరగేసి చూడాలి. ఆకుల చాటున ఒక్క కాయ ముదిరి పసుపెక్కినా తీగ కొత్త పిందెలు వేయడం తగ్గిస్తుంది. నలుగురున్న ఇంటికి నాలుగైదు తీగలు చాలు. తీగ ఆయుష్షు మొత్తం మూడు నెలలే కనుక మూడు వారాలకొకసారి రెండేసి విత్తనాలు పెడుతూ ఉంటే కీర కొరత రాదు.

పురుగులు, తెగుళ్ళు

మొలకెత్తగానే లేత ఆకులను ఎర్ర పెంకు పురుగు కొరుకుతుంది. పొద్దున్నే మందకొడిగా ఉంటుంది, చేత్తో ఏరి సబ్బు నీళ్ళలో వేయవచ్చు. పేనుబంక, తెల్లదోమ కనబడితే లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు నీరు కలిపి ఆకుల అడుగున పిచికారీ చేయండి. సాయంత్రం పూటే చేయాలి, పొద్దున చేస్తే తేనెటీగలు దూరమవుతాయి. ఈ రెండు పురుగులే వెర్రి తెగులును కూడా మోసుకొస్తాయి. ఆకులు ముడుచుకుని, పసుపు మచ్చలు పడ్డ తీగను జాలిపడకుండా పీకేయండి. దానికి మందు లేదు.

పండు ఈగ పిందెలో గుడ్లు పెడుతుంది, కాయ లోపల పురుగులు పడతాయి. పిందె పట్టగానే పాత పలచని గుడ్డతోనో కాగితంతోనో సంచిలా కట్టండి. తీగజాతి కూరగాయల పండు ఈగకు లింగాకర్షక బుట్టలు ఎరువుల దుకాణాల్లో దొరుకుతాయి. రాలిన కాయలను పాదు దగ్గర వదలకండి, పాలిథిన్ సంచిలో కట్టి ఎండలో పడేయండి.

ఆకుల మీద తెల్లని బూడిద చల్లినట్టు కనబడితే అది బూడిద తెగులు. ముదురు ఆకులు కత్తిరించి గాలి ఆడనివ్వండి. ఇతర పంటల్లో దీనికి గంధకం చల్లుతారు, కీర మీద చల్లితే ఆకులు మాడిపోతాయి.

చేదు కీర: ఇది తప్పక చదవండి

మార్చి చివరలో ఆ అమ్మ కాగితంలో చుట్టిన కాయ ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టింది. "ఈమధ్య కాయలు చేదొస్తున్నాయి సిస్టరమ్మా. పక్కనే కాకర పాదు ఉంది, దాని గాలి సోకిందంటున్నారు. అయినా చేదు షుగరుకు మంచిదేగా, రసం తీసుకు తాగమంది మా వదిన."

మేము వెంటనే చెప్పిన మాట: తాగకండి.

కీర, సొర, బీర కుటుంబానికి చెందిన మొక్కల్లో కుకుర్బిటసిన్ అనే చేదు పదార్థం ఉంటుంది. పురుగులు, పశువులు తినకుండా మొక్క చేసుకునే ఆత్మరక్షణ అది. మంచి రకం కీరలో అది ఆకుల్లో, కాడల్లో ఉంటుంది, కాయలోకి రాదు. ఎండ తీవ్రత, నీటి ఎద్దడి తగిలినప్పుడు కాయలోకి కూడా వస్తుంది. ఒకే తీగ మీద ఒక కాయ కమ్మగా, ఇంకో కాయ చేదుగా ఉండవచ్చు. పక్కనున్న కాకర పాదుకు దీనితో సంబంధం లేదు. ముందే చెప్పుకున్నాం, కీర దోసతోనే కలవదు, కాకరతో ఏం కలుస్తుంది?

కాకరకు చేదు సహజగుణం. కీరలో, సొరలో, బీరలో చేదు హెచ్చరిక. ఆ చేదు ఎక్కువగా కడుపులో పడితే కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు వస్తాయి. తీవ్రమైతే కడుపులో రక్తస్రావమై బీపీ పడిపోతుంది. మన దేశంలో చేదు సొరకాయ రసం తాగి ప్రాణాలు పోయిన సంఘటనలు ఉన్నాయి. భారత వైద్య పరిశోధన మండలి ఒక నిపుణుల సంఘాన్ని వేసి దీనిని పరిశీలింపజేసింది. చేదు సొరకాయ రసం తాగవద్దని ఆ సంఘం చేసిన హెచ్చరిక 2012లో ప్రచురితమైంది. దీనికి విరుగుడు మందు లేదు. లక్షణాలకు చికిత్స చేయడమే.

అందుకని ఈ అలవాటు చేసుకోండి. కాయ కోయగానే కాడ వైపు ఒక అంగుళం తీసేయండి, చేదు ముందు చేరేది అక్కడే. తరువాత మధ్యలో నుంచి పలచని ముక్క కోసి నాలుకకు తాకించండి. చేదుగా ఉంటే ఉమ్మేసి కాయ మొత్తం పారేయండి. చివర కోసి రుద్ది నురుగు తీస్తే చేదు పోతుందనే నమ్మకాన్ని నమ్ముకోవద్దు. ఉడికించినా చేదు పోదు. రసం అసలే వద్దు, నాలుగు కాయల చేదు ఒక్క గ్లాసులో పడుతుంది, నిమ్మరసం, అల్లం కలిపితే నాలుక దాన్ని పసిగట్టలేదు. చేదు కాయ తిన్నాక వాంతులు మొదలైతే ఇంట్లో చిట్కాలతో కాలం గడపక వెంటనే ఆసుపత్రికి రండి.

వంటింట్లో

ముందు చేతులు కడుక్కోండి. కాయను కోయకముందే పారే నీటిలో చేత్తో రుద్ది కడగండి, చివరగా తాగే నీటితో ఒకసారి. మాంసం, చేపలు కోసిన కత్తి, పీట దీనికి వాడకండి. ఇంటి కాయ అయితే తొక్క తీయనక్కరలేదు, ఉన్న కాస్త పీచూ తొక్కలోనే ఎక్కువ. కోసిన ముక్కలు రెండు గంటల్లోపు తినేయాలి. కాయలను ఫ్రిజ్‌లో కింది కూరల అరలో గుడ్డలో చుట్టి పెడితే నాలుగైదు రోజులుంటాయి. మరీ చల్లని పై అరలో పెడితే నీరుకారి మెత్తబడతాయి.

నిమ్మ ముక్కలు: ఒక కీర సన్నగా తరిగి, అరచెక్క నిమ్మరసం, వేయించి దంచిన జీలకర్ర పొడి చిటికెడు, మిరియాల పొడి, కొత్తిమీర లేదా పుదీనా కలపండి. ఉప్పు వద్దు. మొదటి వారం చప్పగా అనిపిస్తుంది. కొన్ని వారాలకు నాలుకే అలవాటుపడుతుంది.

పెసరపప్పు కలిపి: శ్రీరామనవమికి చేసే వడపప్పు అందరికీ తెలిసిందే. గుప్పెడు పెసరపప్పు గంటసేపు నానబెట్టి, నీళ్ళు వంచి, కీర తురుము, కొంచెం కొబ్బరి, పచ్చిమిర్చి, నిమ్మరసం కలపండి. పప్పు చేరింది కనుక మాంసకృత్తులు కూడా అందుతాయి. సాయంత్రం బజ్జీల బదులు ఇది పెట్టండి.

పెరుగు పచ్చడి: కీర తురిమి నీళ్ళు పిండకుండానే ఒక కప్పు పెరుగులో కలిపి, చెంచా నూనెతో ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపు వేయండి. ఉప్పు వేయాల్సివస్తే తినే ముందు చిటికెడు చాలు. ముందే వేస్తే కీర నీరు వదిలి పచ్చడి పలచనవుతుంది, మళ్ళీ ఉప్పు వేయాల్సివస్తుంది.

ముదిరిన కాయ: పసుపెక్కిన కాయను పారేయనక్కరలేదు. గింజలు తీసి, చేదు చూసి, పప్పులోగాని పులుసులోగాని దోసకాయలాగే వేసుకోవచ్చు.

ఎవరు జాగ్రత్త పడాలి?

కిడ్నీ జబ్బు ఉండి నీళ్ళు, పొటాషియం కొలిచి తీసుకోమని డాక్టరు చెప్పినవారు, డయాలసిస్ చేయించుకుంటున్నవారు కీరను కూడా లెక్కలో వేసుకోవాలి. ఎంత తినాలో అడిగి తెలుసుకోండి. గుండె కవాటాల ఆపరేషన్ అయి రక్తం పలచబడే మాత్రలు వాడేవారు తినవచ్చు, కానీ ఉన్నట్టుండి ఎక్కువ చేయడం, ఉన్నట్టుండి మానేయడం వద్దు. తొక్కలో కొంచెం కె విటమిన్ ఉంటుంది.

చిన్నపిల్లలకు గుండ్రని బిళ్ళలుగా ఇవ్వకండి, గొంతుకు అడ్డం పడతాయి. పెద్ద పిల్లలకైతే సన్నగా, పొడుగ్గా చీల్చి, కూర్చోబెట్టి, దగ్గరుండి తినిపించండి. పసివాళ్ళకు తురిమి పెట్టండి. ఆరు నెలల లోపు బిడ్డకు తల్లిపాలు తప్ప మరేమీ వద్దు.

విరేచనాలు పట్టుకున్నప్పుడు, వడదెబ్బ తగిలినప్పుడు కీరలో నీరుంది కదా అని దానితో సరిపెట్టకండి. అప్పుడు శరీరానికి నీటితో పాటు లవణాలు కావాలి. ఓ.ఆర్.ఎస్. ద్రావణమే తాగించాలి. స్పృహ తప్పుతున్నా, మాట తడబడుతున్నా ఏమీ తాగించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

చివరగా

ఆ అమ్మ చేదు కాయను మా ఎదుటే చెత్తబుట్టలో వేసింది. ఇంటికి వెళ్ళి పాదుకు నీడ కట్టింది, పొద్దునా సాయంత్రం కొంచెం కొంచెంగా నీళ్ళు పోసింది. తరువాత కాసిన కాయలు మళ్ళీ కమ్మగా వచ్చాయట. ఉప్పు తగ్గించింది, డాక్టరుగారు మాత్ర మార్చారు, రెండూ కలిసి బీపీ అదుపులోకి వచ్చింది. కీర వల్లే తగ్గిందని మేమనం. ఆమె మాత్రం ఇంకో మాట చెప్పింది. రోజూ పొద్దున్నే పాదు దగ్గరికి వెళ్ళి ఆడపువ్వు వెతకడం, నీళ్ళు మోయడం వల్ల కాళ్ళకు కాస్త నడక కూడా వచ్చిందని, కూర్చుంటే లేవలేకపోయేదాన్ని ఇప్పుడు పందిరి కింద వంగి కాయ కోస్తున్నానని.

పోయిన నెల ఆమె తన పాదులోని పండిన కాయ గింజలు ఎండబెట్టి, చిన్న కాగితం పొట్లాలు కట్టి తెచ్చింది. వరండాలో వంతు కోసం కూర్చున్న వాళ్ళకు పంచుతూ, ఒక్కొక్కరికీ ఒకే మాట చెప్పింది: "పెట్టుకోండి. కాయ కాస్తే ఉప్పు రాయకండి. చేదొస్తే పారేయండి."

మేము ఇంత పొడుగ్గా రాసింది ఆమె మూడు మాటల్లో చెప్పింది. మీరూ ఒక పాత బకెట్టు వెతకండి.